పెళ్ళికొడుకు చేతి కత్తి

పక్కవాడి విస్తట్లో ముక్క ఎప్పుడూ పెద్దగానే కనబడుతుంది. ఆ పక్కవాడు సొంత తమ్ముడైతే ఇంక చెప్పనే అక్కర్లేదు. ఎర్రగుంటపల్లె పెద్దయ్య పెద్దకొడుకు ఆదెయ్య ఏడాదిగా తన విస్తట్లోకి చూసుకోవడమే మానేశాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కూడా ఆ జిల్లాలోనే ఉండేవి. పెద్దయ్యకు ఒక గొర్రెల మంద, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఆదెయ్యకు చిన్నప్పుడు అమ్మవారు పోసి, ప్రాణం వదిలిపెట్టి మొహం మీద గుంటలు పెట్టి పోయింది. చిన్నవాడు గురుస్వామికి అమ్మవారు పోయలేదు. అన్నదమ్ముల మధ్య తేడా అంతే. ఆ కాస్త తేడాలోనే ఒక పెళ్ళి ఇటునుంచి అటు జారిపోయింది.

కిందటేడు గిద్దలూరు దగ్గర గొర్రెలదిన్నెకు, కొండయ్య కూతురు సుబ్బులును చూడటానికి వెళ్ళింది ఆదెయ్య కోసమే. ఆదెయ్య కొత్త తలగుడ్డ చుట్టుకుని తండ్రి వెనక నడిచాడు. వీళ్ళు వెళ్ళేసరికి సుబ్బులు వసారాలో తల్లిలేని గొర్రెపిల్లకు పాలు పడుతూ ఉంది. వచ్చినవాళ్ళను చూసి చటుక్కున లేవలేదు. ఆ పిల్ల కడుపు నిండేదాకా ఆగి, అప్పుడు లేచి చెంబుతో నీళ్ళిచ్చింది. ఆదెయ్యకు అది నచ్చింది. ఎంత నచ్చిందంటే తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నోరు విప్పలేదు. తర్వాత కొండయ్య వీళ్ళ ఇల్లూ వాకిలీ చూసుకోవడానికి వచ్చాడు. వచ్చిన వేళ అలాంటిది, గురుస్వామి అప్పుడే వాగులో మునిగి తడితలతో, నవ్వు మొహంతో దొడ్లోకి వచ్చాడు. కొండయ్య కడుపునిండా తిని, ఊరికి పోయి, కులపెద్ద ఓబులయ్యతో కబురంపాడు. చిన్నవాడికైతే పిల్లనిస్తామని.

తల్లి పోలమ్మ ఆదెయ్య పక్కన కూచుంది. "ఏమంటావు నాయనా? నీకు కష్టంగా ఉంటే వద్దని చెప్పేస్తాం."

"నాకేంది, వానికే చెయ్యండి" అన్నాడు ఆదెయ్య, గొర్రె గిట్టలో ముల్లు తీస్తూ, తల ఎత్తకుండా.

అడిగినవాళ్ళు నమ్మేశారు. రోషగాడి మాట నమ్మినవాళ్ళది తప్పా, రోషానికి పోయి ఆ మాట అన్నవాడిది తప్పా అంటే అన్నవాడిదే. నోటితో ఒకటీ కడుపుతో ఒకటీ అనే మనిషికి చివరికి కడుపుమంటే మిగులుతుంది. ఆదెయ్యకు ఆ రోజునుంచి తమ్ముడు నవ్వితే మంట, పాడితే మంట, నిద్రపోతుంటే కూడా మంట. ఎంత హాయిగా నిద్రపోతున్నాడో చూడు అని.

వాళ్ళ ఇంటిపేరువాళ్ళలో ఒక ఆచారముంది. నలుగు పెట్టి పెళ్ళికొడుకును చేసిన గడియనుంచి తాళి కట్టేదాకా అతని చేతిలో ఇంటి కత్తి ఉండాలి. మొనకు నిమ్మకాయ గుచ్చి పట్టుకుంటాడు. కొత్తగా పసుపు పూసుకున్నవాడి మీదికి గాలీ ధూళీ రాకుండా అన్నమాట. ఆ కత్తి నేల తాకకూడదు. పరాయి చెయ్యి తగలకూడదు. స్నానం చేసేటప్పుడూ, రెండు చేతులతో తాళి కట్టేటప్పుడూ మాత్రం తోడబుట్టినవాడు పట్టుకోవచ్చు. మధ్యలో జారిపోయిందంటే ఆ పెళ్ళి అచ్చిరాదని ముసలివాళ్ళు గట్టిగా నమ్మేవాళ్ళు. ఆ కత్తితోనే తాత పెళ్ళయింది, తండ్రి పెళ్ళయింది. ప్రతి దసరాకూ దానికి చింతపండు పెట్టి తోమి, నూనె రాసింది ఆదెయ్య. ఇంటికి పెద్దకొడుకు కాబట్టి తర్వాత తన చేతికే వస్తుందని తోమాడు. ఇప్పుడది తమ్ముడి చేతికి పోబోతోంది. తోమినవాడొకడు, పట్టేవాడొకడు.

పెళ్ళి మాఘమాసంలో కుదిరింది. అదే మాఘంలో ఎలక్షన్లు వచ్చి పడ్డాయి. గిద్దలూరు చుట్టుపట్ల రెండు పార్టీలవాళ్ళు కర్రలతో కొట్టుకుంటే సర్కారువాళ్ళు నూటనలభైనాలుగు పెట్టారు. కత్తి, కటారు, ఈటె, గొడ్డలి, ఏదీ పట్టుకుని బయట తిరగరాదని దండోరా వేశారు. రైలుగేటు పక్కన రేకులషెడ్డు ఒకటి వేసి, దాన్ని ఎలక్షన్లు అయ్యేదాకా ఠాణా అన్నారు. దానికి వెంకటస్వామి అనే హెడ్డు కానిస్టేబులు పెద్ద. ఆ కబురు గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్ళకే తెలుసు. మార్కాపురం పక్కనుంచి రైలు ఎక్కి రావలసిన ఎర్రగుంటపల్లెకు ఎవరు చెబుతారు?

పెళ్ళికి ముందు సంతనాడు తమలపాకులూ టెంకాయలూ తేవడానికి గిద్దలూరు వచ్చింది ఆదెయ్యే. గేటు దగ్గర కర్రలూ ఈటెలూ కట్టెలమోపులా కట్టి పడేసి ఉన్నాయి. ఒక మేకలకాపరి ఆకు కోసే కొడవలి ఇచ్చెయ్యమని హెడ్డు కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. హెడ్డు వినడం లేదు. అది చూసి ఆదెయ్య బుర్రలో ఒక పురుగు కదిలింది. దాన్ని అప్పుడే నలిపేసి ఉంటే ఈ కథ లేదు. టెంకాయల గోతం భుజాన పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు, పోబోయాడు, వెనక్కి వచ్చాడు.

"అయ్యా, శుక్రవారం పొద్దున రైల్లో మార్కాపురం పక్కనుంచి ఒకడు దిగుతాడు. చేతిలో కత్తి ఉంటాది" అన్నాడు.

"ఎవడు వాడు? ఏ పార్టీ?"

"పార్టీ నాకు తెలీదు. దాచుకోడు గూడా. దిగితే మీకే కనబడతాది."

ప్రతి మాటా నిజమే. పెళ్ళికొడుకన్న ఒక్క మాట తప్ప. ఆదెయ్య అనుకున్నది ఏమిటంటే, పోలీసులు కత్తి లాక్కుంటారు, కొండయ్య బంధువులందరి ముందూ తమ్ముడు ఉత్తచేతులతో నిలబడతాడు, అపశకునమని వాళ్ళు వెనక్కి తగ్గుతారు. అక్కడిదాకా ఆలోచించాడు. అసూయ పట్టినవాడికి ఎదుటివాడు పడేదాకానే కనబడుతుంది, ఆ పైన కనబడదు.

శుక్రవారం రానే వచ్చింది. మార్కాపురం రోడ్డు స్టేషనులో పెళ్ళివారంతా రైలెక్కారు. గురుస్వామి పసుపు పంచె, నుదుట బాసికం, చేతిలో నిమ్మకాయ గుచ్చిన కత్తి. పెట్టెలో ఒక పలకల వ్యాపారి కత్తిని చూసి కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. తర్వాత బాసికం చూసి నవ్వి చోటిచ్చాడు. టిక్కెట్ కలెక్టరు వచ్చి, "మనిషికి తీసుకున్నారు సరే, కత్తికి టిక్కెట్టేదీ?" అన్నాడు. గురుస్వామి తడుముకోకుండా, "దీనికి కూచునే సీటు లేదు గదా అయ్యా, నిలబడే వస్తాండాది" అన్నాడు. పెట్టె అంతా గొల్లుమంది. ఎవరో ముసలమ్మ చల్లగా ఉండమని దీవించింది. ఆదెయ్య కిటికీలోంచి నల్లమల కొండలు చూస్తూ కూచున్నాడు. కొత్తవాళ్ళు కూడా ఇంత తొందరగా వీడికెందుకు అయినవాళ్ళైపోతారో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు. తనను చూస్తే చిన్నపిల్లలు తల్లి కొంగు వెనక్కి పోతారు.

గిద్దలూరులో దిగారు. కొండయ్య బండి కట్టుకుని, తప్పెట్లతో, సన్నాయితో ఎదురొచ్చాడు. గేటు దాటుతుండగా హెడ్డు వెంకటస్వామి ఇద్దరు కానిస్టేబుళ్ళతో అడ్డం నిలబడ్డాడు. తప్పెట్లు ఆగిపోయాయి.

"ఆ కత్తి కింద పెట్టు" అన్నాడు హెడ్డు.

"కింద పెట్టగూడదయ్యా" అన్నాడు గురుస్వామి మర్యాదగానే. "తాళి కట్టినాక మీ ఇష్టం."

"గూడదని నువ్వు చెప్తే సరిపోతాదా? నూటనలభైనాలుగు ఉండాది. పెట్టు కింద."

పెద్దయ్య చేతులు జోడించి ముందుకొచ్చాడు. ఓబులయ్య ఆచారం వివరించబోయాడు. ఈలోగా ఒక కుర్ర కానిస్టేబులు, కొత్తగా పనిలో చేరినవాడు, కత్తి లాక్కోవడానికి చెయ్యి చాచాడు. గురుస్వామి చేసిన పని ఒక్కటే. పరాయి చెయ్యి తగలకూడదు కదా అని కత్తిని తలమీదికి ఎత్తాడు. పెళ్ళివారి కళ్ళకు అది భక్తి. పోలీసుల కళ్ళకు అది పోలీసు మీద కత్తి ఎత్తడం. మరుక్షణం లాఠీ అతని భుజం మీద పడింది. పోలమ్మ కెవ్వుమంది. గురుస్వామి మోకాళ్ళ మీద కూలాడు గానీ కత్తి వదల్లేదు, నేలకు తగలనివ్వలేదు.

దెబ్బ పడినప్పుడు ఆదెయ్యకు ఒక్క క్షణం హాయిగా ఉంది. దాచడమెందుకు, ఉంది. తర్వాతి క్షణంలో తమ్ముడు పళ్ళు బిగబట్టి కత్తిని ఎత్తిపట్టడం చూసి, ఆ స్థానంలో నేనుంటే వదిలేసేవాణ్ణే అనుకున్నాడు. ఆ ఆలోచన రావడంతో ఆ హాయి కాస్తా ఎగిరిపోయింది.

గురుస్వామిని షెడ్డులోకి తీసుకుపోయారు. కత్తి చేతిలోంచి ఊడబెరకడానికి హెడ్డుకే మనసొప్పలేదు. అతనూ కంభం పక్కవాడే, పెళ్ళికొడుకు కత్తి సంగతి తెలియనివాడు కాదు. "పట్టుకోనియ్యండి, నన్ను పొడవడులే" అని కానిస్టేబుళ్ళను కసిరి, తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూచున్నాడు. కానీ వదలనన్నాడు. పోలీసు మీద కత్తి ఎత్తినవాణ్ణి ఎస్సయ్యగారు వచ్చి చూడందే వదలకూడదు. ఎస్సయ్యగారు మార్కాపురం వైపు బందోబస్తుకు పోయారు, పొద్దుగూకేవేళకు గానీ రారు. ముహూర్తం చూస్తే పొద్దు నడినెత్తికి రాకముందే.

పెళ్ళివారు గేటు బయట దిగాలుగా కూచున్నారు. తలంటిపోసి పసుపు పూసిన పిల్లకు ముహూర్తం తప్పిపోతే ఇంక ఆ పిల్లను ఎవరు అడుగుతారని కొండయ్య తల పట్టుకున్నాడు. అప్పుడు కులపెద్ద ఓబులయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెళ్ళి ఆగే పని లేదు. చిన్నోడు ఠాణాలో ఉంటే పెద్దోడు బయటే ఉండాడు గదా. అసలు అడిగింది వాని కోసమే. ఆ కత్తి చిన్నోనిది అయిపోయింది, దాన్ని వదిలేద్దాం. కొత్త పెళ్ళికొడుక్కు కొత్త కత్తి పట్టిద్దాం. నలుగు పెట్టే పని ఎంతసేపు?"

అందరి కళ్ళూ ఆదెయ్య మీదికి తిరిగాయి. ఇంత సులువుగా, ఇంత మర్యాదగా, నలుగురూ కలిసి ఇస్తారని అతను కలలో కూడా అనుకోలేదు.

"నీకు సమ్మతమేనా నాయనా?" అంది పోలమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

"మీ ఇష్టం" అన్నాడు ఆదెయ్య.

కొండయ్య అతని మొహం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "పిల్లను ఒక మాట అడిగి వస్తా" అని బండెక్కాడు. గొర్రెలదిన్నె గేటుకు అవతల కూతవేటు దూరమే.

బండి వెళ్ళాక ఆదెయ్య ఊరికే ఉండలేకపోయాడు. స్టేషను పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు. తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టాడు. షెడ్డు వైపు మాత్రం చూడలేదు. గొర్రెపిల్ల పాలు తాగడం అయ్యేదాకా లేవని ఆ పిల్ల, పాలచేతులు కొంగుకు తుడుచుకుంటూ చెంబు అందించిన ఆ పిల్ల, ఈ పొద్దు తన పక్కన పీట మీద కూచుంటుంది. తమ్ముడికేం, వాడికి వంద సంబంధాలు వస్తాయి. నవ్వేవాడికి పిల్లల కరువా? తనకు ఒక్కటే వచ్చింది, అదీ వాడే ఎత్తుకుపోయాడు. ఇప్పుడు అది తిరిగి వస్తోంది, అంతే, ఇందులో తప్పేముందని తనకు తనే తీర్పు చెప్పుకున్నాడు. తీర్పరీ తనే, ఫిర్యాదీ తనే అయినప్పుడు కేసు తొందరగానే తేలుతుంది.

బండి తిరిగి వచ్చింది. బండిలో కొండయ్య ఒక్కడే లేడు. పసుపుచీర కట్టుకుని, బాసికంతో, తల వంచుకుని సుబ్బులు కూచుని ఉంది. పక్కన తల్లి, ముత్తయిదువలు, పీటలు, తలంబ్రాల పళ్ళెం.

నా కోసమే వచ్చేసింది అనుకున్నాడు ఆదెయ్య. అడుగు ముందుకు కూడా వేశాడు. బండి అతన్ని దాటుకుని పోయి ఠాణా ముందు ఆగింది.

కొండయ్య దిగి, ఓబులయ్యకు చెబుతున్నట్టుగా అందరికీ చెప్పాడు. "అడిగినా మామా. తన కత్తి కింద పడకూడదని దెబ్బ తిన్నోడు ఒకడుండగా ఇంకొకడెందుకన్నది. కత్తి యాడ ఉంటే పీటలు ఆడనే వెయ్యమన్నది. నేను చెప్పి చూసినా, వినలా."

ఆదెయ్య ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఎవరూ చూడలేదని అనుకున్నాడు. హెడ్డు చూశాడు. స్టూలు మీదనుంచి లేచి, ఆ గుంటల మొహాన్ని పరకాయించి చూసి, మీసం దువ్వుకున్నాడు.

తర్వాత బతిమాలే పని ఓబులయ్యదీ, ముత్తయిదువలదీ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఆ రోజు పూజారే ముందు కరిగాడు. "ఆర్డరులో కత్తి పట్టుకొని తిరగొద్దన్నారు గానీ, పెళ్ళి చేసుకోవద్దనలేదు. ఆడపిల్ల పసుపు ఆరబెట్టిన పాపం నాకొద్దు. మనిషి ఈ వసారా దాటకూడదు, అంతే" అన్నాడు హెడ్డు. లాఠీతో కొట్టిన కుర్ర కానిస్టేబులే పీటలు వాల్చడానికి చోటు ఊడ్చాడు.

గిద్దలూరులో అంత వేడుకగా ఏ పెళ్ళీ జరగలేదని తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. రైలు దిగినవాళ్ళు, గేటు దగ్గర ఆగిన బండ్లవాళ్ళు, బజారు జనం, అందరూ మూగారు. ఎవరో అరటిచెట్లు తెచ్చి లాఠీలకు కట్టి నిలబెట్టారు. సన్నాయివాడు ప్రాణం పెట్టి ఊదాడు. సాదాగా ఇంటి పందిట్లో జరగాల్సిన పెళ్ళిని ఊరేగింపు చేసిపెట్టింది ఎవరంటే, ఆదెయ్యే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తమ్ముడి వెనక నిలబడ్డాడు.

తాళి కట్టే వేళ వచ్చింది. గురుస్వామి వెనక్కి తిరిగి కత్తి అందించాడు. "అన్నా, పట్టుకో." అన్న చేతికి పిడి అందిందని చూసుకున్నాకే వదిలాడు. పిడి తమ్ముడి చెమటతో వెచ్చగా ఉంది. తప్పెట్లు ఒక్కసారిగా మోగాయి. సుబ్బులు తల వంచింది. ముడి వెయ్యడానికి గురుస్వామి చేతులు ఎత్తితే దెబ్బ తిన్న భుజం లాగినట్టుంది, ఆగాడు. సుబ్బులు అతనికి అందేటట్టు ఇంకాస్త వంగి, కళ్ళెత్తి అతని మొహంలోకి చూసింది. గురుస్వామి కూడా ఆమెను అప్పుడే సరిగా చూశాడు. ఆ చూపుల మధ్య దూరే చోటు ఎవరికీ లేదు. వెనక నిలబడ్డ ఆదెయ్యకు ఆ సంగతి మొత్తం కనబడింది. కళ్ళు మూసుకుందామన్నా మూతపడలేదు.

అక్షింతలు పడ్డాక హెడ్డు ముందుకొచ్చాడు. "మీ ముచ్చట తీరింది గదా. ఎస్సయ్యగారు వచ్చేసరికి కత్తీ, కత్తి పట్టుకున్నోడూ ఇద్దరూ ఆయనకు కనబడాల. పెళ్ళికత్తికి కేసేం పెడతారు, తిట్టి పంపిస్తారులే. అయినా మనిషి ఉండాల."

"నేనుంటా అయ్యా" అని గురుస్వామి అన్న వైపు చెయ్యి చాచాడు. "ఇయ్యన్నా."

ఆదెయ్య వేళ్ళు విచ్చుకోలేదు. ఇన్ని దసరాలు తోమిన కత్తి, ఇంతమంది జనం ముందు, మొదటిసారి అతని చేతిలో ఉంది. తమ్ముడు పిల్లను తీసుకున్నాడు, జనాన్ని తీసుకున్నాడు, ఇప్పుడు కత్తికి కూడా చెయ్యి చాచాడు.

"ఇయ్యను" అన్నాడు.

"ఇయ్యన్నా, ఠాణాలో నువ్వెందుకు?"

"ఇయ్యనంటే ఇయ్యను. పోరా."

పెద్దయ్య కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. ఓబులయ్య తల ఊపి, "అన్నంటే ఇట్లుండాల. తమ్ముని పెళ్ళి కోసం తాను జైల్లో కూచుంటానంటాండు" అన్నాడు. ఆ మాట నోటినుంచి నోటికి గేటు అవతలిదాకా పోయింది. ఆదెయ్య కాదనబోయి, ఏమని కాదనాలో తెలియక ఊరుకున్నాడు. సుబ్బులు వచ్చి అతని కాళ్ళకు మొక్కింది.

"బావా, నీకు అన్నం పంపిస్తా" అంది. ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అదే.

కత్తితో ఎవరో ఒకరుంటే చాలని హెడ్డు గురుస్వామిని వదిలాడు. పెళ్ళిబండి వెళ్ళిపోయింది. తప్పెట్ల చప్పుడు కూడా సన్నగిల్లి ఆగిపోయింది. హెడ్డు స్టూలు మీద కూచుని చుట్ట వెలిగించాడు.

"ఒకడు కత్తి పట్టుకొని దిగుతాడంటివి. పెళ్ళికొడుకని చెప్పలేదే?"

ఆదెయ్య మొనకున్న నిమ్మకాయను సరిచేశాడు.

"చాటుమాటు పనులకు నువ్వు పనికిరావు నాయనా. నీ మొగం ఒకసారి చూసినోడు మరిచిపోడు." పొగ వదిలాడు. "పిల్ల కోసమా?"

ఆదెయ్య గోడ వైపు తిరిగి కూచున్నాడు.

"సరేలే. నేను ఎవురికీ చెప్పను. అన్నదమ్ముల సంగతి నాకెందుకు" అన్నాడు హెడ్డు. ఆ జాలి ఆదెయ్యకు లాఠీదెబ్బలానే తగిలింది.

ఎండ వాలుతుండగా గురుస్వామి వచ్చాడు. ఎవరితోనో పంపిస్తే సరిపోయేది. పెళ్ళివిందు మధ్యలో లేచి, బాసికం కూడా విప్పకుండా, అన్నం మూట పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. భుజం మీద దెబ్బ నల్లగా కమిలి ఉంది. లోపలికి వచ్చి, అన్న పక్కన నేలమీద కూచుని, ఆకు పరిచి, మాంసం కూర, సంకటి వడ్డించాడు.

"తిను అన్నా. మా అత్త నీ కోసమని వేరే తీసి పెట్టింది. ఊరంతా నీ మాటే. మా మామైతే సిగ్గుతో చచ్చిపోతాండాడు. అంత మంచోణ్ణి మొగం చూసి కాదన్నానే అని తలకాయ కొట్టుకుంటాండు. సుబ్బులు కూడా అనింది, మా పెదనాయన కూతురు ఒకతుంది, ఆ పిల్లను బావకు..."

"ఇంక చాలు" అన్నాడు ఆదెయ్య.

"ఎందుకన్నా? నేను ఉత్తుత్తిగా చెప్పడంలా. నా కోసం నువ్వు ఇంత..."

మంచివాడన్న మాట ఒక పక్క, తమ్ముడి దయవల్ల తనకొక పిల్ల మరో పక్క. ఆ రెండింటి మధ్యా ఆదెయ్యకు ఊపిరాడలేదు. పశ్చాత్తాపంతో చెప్పాడనుకుంటే పొరపాటు. ఆ నవ్వు ఆర్పాలని చెప్పాడు. అందుకోసమే చెప్పాడు.

"హెడ్డుకు చెప్పింది నేనే."

"ఏం చెప్పినావు?"

"నువ్వు కత్తి పట్టుకొని రైలు దిగుతావని. సంతనాడు వచ్చి చెప్పిపోయినా."

గురుస్వామి తలుపు దగ్గరున్న హెడ్డు వైపు చూశాడు. హెడ్డు చుట్ట వైపు చూసుకున్నాడు. అప్పుడు గురుస్వామి మొహంలో నవ్వు ఆరింది. ఆదెయ్య దాన్ని కళ్ళారా చూశాడు. ఏడాదినుంచి కోరుకున్నది అదే. అది ఎంతోసేపు సుఖపెట్టలేదు.

"ఎందుకన్నా?"

"ఆ పిల్లను ముందు చూసింది నేను."

గురుస్వామి బాసికం దారం నుదుటి మీద ఒరుసుకుంటుంటే సర్దుకున్నాడు.

"నాకు చెప్పకపోతివే" అన్నాడు. "నీకు ఇష్టం లేదని అమ్మ చెప్పింది, నమ్మినా. ఆ పిల్ల ఎట్లుంటాదో గూడా నాకు తెలీదు, ఈ పొద్దు దాకా నేను చూళ్ళేదు. అప్పుడు నాకు ఎవురైనా ఒకటే. ఒక్క మాట చెప్పుంటే నేను వద్దనేవాణ్ణి గదన్నా."

అది అబద్ధం కాదని ఆదెయ్యకు తెలుసు. తమ్ముడికి అబద్ధమాడటం రాదు. అన్న అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేసేవాడు, మళ్ళీ గుర్తు కూడా పెట్టుకునేవాడు కాదు.

"ఇప్పుడు వద్దనలేను" అన్నాడు గురుస్వామి, గొంతు తగ్గించి. "దెబ్బలు తిన్నోణ్ణి వెతుక్కుంటా ఠాణా కాడికే బండి దిగిన మనిషిని ఇంక ఎట్ల వద్దంటా? ఈ పొద్దు ఇదంతా జరక్కపోతే ఏమో గానీ."

ఆదెయ్య ఆ మాట విన్నాడు. ఇదంతా జరిపించింది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఒకరిని ఒకరు ఎరగని ఇద్దరిని పట్టుకుని, ఇంక విడదీయడానికి వీల్లేకుండా ముడివేసింది ఆ పసుపుతాడు కాదు, తనే. కత్తి పట్టుకున్న వేళ్ళు సడలాయి. అది గచ్చు మీద పడి చప్పుడు చేసింది. తాళి కట్టేశారు కాబట్టి ఇప్పుడు పడినా దోషం లేదు.

గురుస్వామి కత్తిని తియ్యలేదు. లేచి నిలబడ్డాడు. "తిను. చల్లారిపోతాది" అన్నాడు, అన్న మొహం చూడకుండా. తలుపు దగ్గర హెడ్డు ముందు ఆగాడు.

"ఎస్సయ్యగారు వస్తే కబురంపండయ్యా. కత్తి నాది, ఎత్తింది నేనే, వచ్చి ఒప్పుకుంటా. మా అన్నకు దీంట్లో ఏమీ తెలీదు. ఆయన్ను ఏమీ అనొద్దని చెప్పండి."

మెట్లు దిగి గొర్రెలదిన్నె దారి పట్టాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆదెయ్య ఆకు ముందు కూచుని ఉన్నాడు. ఇంత చేసినా, నోరు విప్పి చెప్పినా, ఆఖరికి మంచివాడు కూడా వాడే అయ్యాడు. పిల్ల పోయినందుకు మండినదానికన్నా ఇది ఎక్కువ మండింది. ఆకలి కూడా వేస్తోంది. సంకటి ముద్ద తుంచి కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. కూర చాలా రుచిగా ఉంది.